బావమరిది బండికి పడ్డ నంబరు

ఆ వీధిలో పెయింటరంటే ఒక్కడే. మెట్ల కింద తలుపంత వెడల్పున్న గదిలో కూర్చుని బండ్లకు నంబర్లు రాస్తాడు. ఇద్దరు లోపలుంటే మూడోవాడు బయట ఎండలో నిలబడాల్సిందే. గోడకు చిన్నా పెద్దా బ్రష్షులు, మూలన రంగు డబ్బాలు, కాళ్ల దగ్గర టర్పెంటైన్ కంపు కొట్టే గుడ్డ. చెయ్యి మాత్రం బంగారం. దారం పట్టి సుద్దగీత కొట్టాడంటే అంకెలన్నీ బుద్ధిగా వరసలో నిలబడతాయి. ఇప్పుడా మనిషిని చూస్తే ముచ్చటేస్తుంది. కూనిరాగాలు తీస్తాడు, వచ్చినవాళ్లను ఆటపట్టిస్తాడు. నాలుగేళ్ల కిందట చూసి ఉంటే మాత్రం మీరు పలకరించకుండానే పక్కనుంచి వెళ్లిపోయేవారు.

అప్పట్లో అతనికి లాటరీ పిచ్చి. మొదట్లో ఒకసారి చిన్న బహుమతి తగిలింది. కొంప ముంచింది అదే. ఏమీ తగలకపోతే నాలుగు టికెట్లు కొని, విసుగెత్తి మానేసేవాడు. తగిలేసరికి, అదృష్టానికి తన చిరునామా దొరికిందనుకున్నాడు పిచ్చి మహారాజు. తమాషా ఏమిటంటే, చౌరస్తాలో లాటరీ బడ్డీకి బోర్డు రాసింది కూడా ఇతనే. ‘రేపటి లక్షాధికారి మీరే’ అని ఎర్రరంగులో, పసుపు నీడతో. చదివినవాళ్లు నవ్వుకుని పోయారు. రాసినవాడు నమ్మాడు.

టికెట్టు నంబరుకి అతని దగ్గరో శాస్త్రం ఉండేది. వారమంతా రాసిన ప్లేట్లలో ఏ అంకె మాటిమాటికీ వచ్చిందో చూసి, అది తనను పిలుస్తోందనేవాడు. అలా తేలిన నంబరు నలభై ఏడు పంతొమ్మిది. ఇక తింటున్నా అదే, నడుస్తున్నా అదే. అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేలితో రాసుకునేవాడు. భార్య ఇంట్లో మిషను పెట్టుకుని బడి యూనిఫారాలు కుట్టేది. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకుంది.

ఆవిడకో తమ్ముడు. మిల్లు మూతపడ్డాక రెండేళ్లు ఖాళీగా తిరిగాడు. చివరికి ఎలాగో ఒక పాత వ్యాను సంపాదించి, పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే చోటికి చేరవేసే పని పట్టాడు. ఆసుపత్రివాళ్లు బండి నంబరు రాసుకుని, సోమవారం పదకొండున్నరలోపు గేటు దాటాలన్నారు. దాటకపోతే ఆ పని వెనక వరసలో ఉన్న బండికి పోతుంది. తమ్ముడి తరఫున హామీ సంతకం పెట్టింది అక్కే.

ఆదివారం వ్యాను తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. పెయింటరు భార్య కూడా వెంట వచ్చింది.

“మా వాడి బండి. కాస్త మనసు పెట్టి రాయండి,” అంది. “ఈ పని పోతే వాడికి నా మొహం చూపించలేను. మీ మొహం అసలు చూడను.”

“నంబరు రాయడం నువ్వు నేర్పాలా నాకు?” అన్నాడు పెయింటరు.

అతనికో పద్ధతి ఉంది. రాసే ముందు బండి కాగితంలో నంబరు పైకి చదువుతాడు. బండివాడు అవునంటేనే బ్రష్షు ముంచుతాడు. రాశాక బండివాడి చేత మళ్లీ చదివిస్తాడు. పాతికేళ్లలో ఒక్క అంకె తప్పలేదంటే అందుకే. కానీ సొంత బావమరిది బండికి ఈ తతంగమంతా ఎందుకని, కాగితం జేబులో పెట్టుకుని రాసేశాడు. బావమరిదికి బండి కొత్త, నంబరింకా నోటికి రాలేదు. పైగా బావ రాశాక చూసేదేముంది? తాళం తిప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పెయింటరు కొట్టు తెరవలేదు. లాటరీ బడ్డీ ముందు నిలబడ్డాడు. పదకొండింటికి పలక మీద ఫలితం రాస్తారు. పది నిమిషాలే ఉంది. జేబులో టికెట్టుని వేళ్లతో తడుముకుంటున్నాడు.

అంతలో బావమరిది రొప్పుతూ వచ్చాడు. “బావా, గేటు దగ్గర ఆపేశారు. నువ్వు రాసింది నా బండి నంబరు కాదంట.”

“మతిపోయిందా నీకు? నేను తప్పు రాయడమేంట్రా?”

“నువ్వే చూడు.”

వ్యాను మలుపులోనే ఉంది. పెయింటరు చూశాడు. నలభై ఏడు పంతొమ్మిది. ముందూ అదే, వెనకా అదే. జేబులోంచి కాగితం తీస్తే ముప్పై ఎనిమిది అరవై రెండని ఉంది. తప్పు నంబరే గానీ, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత అందంగా అతను ఇంకే నంబరూ రాయలేదు.

“పది నిమిషాలేగా పెయింటరూ, చూసుకుని పో. ఇవాళ నీదే,” అన్నాడు బడ్డీవాడు.

సిగ్గుచేటు కాదూ, అప్పుడు కూడా అతను కదల్లేదు. పలకవైపు చూశాడు, వ్యానువైపు చూశాడు, మళ్లీ పలకవైపే చూశాడు. బావమరిది తిట్టలేదు, చెయ్యి పట్టి లాగనూ లేదు.

“అక్కకి చెప్పలేదు బావా. చెప్పను కూడా. నువ్వు రా చాలు,” అన్నాడు.

ఆ మాటకి చెంప పగిలినట్టయింది పెయింటరుకి. తనకంటే పదేళ్లు చిన్నవాడు తన పరువు కాపాడటానికి చూస్తున్నాడు. గబగబా కొట్టు తెరిచి డబ్బా, బ్రష్షు, గుడ్డ తీసుకుని వ్యానెక్కాడు. ఇక్కడే రాసెయ్యమన్నాడు బావమరిది. “పచ్చి రంగు మీద దారంతా దుమ్ము పడుతుంది. గేటు దగ్గరే రాస్తా, పోనీ,” అన్నాడు పెయింటరు.

నిన్నటి రంగు కాబట్టి ఇంకా గట్టిపడలేదు. టర్పెంటైన్ గుడ్డతో రుద్దితే పోయింది. ఆసుపత్రి గేటు ముందు, రోడ్డు మీద, వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని రాశాడు. గేటు కాపలాదారు చేత జాబితాలో నంబరు నాలుగుసార్లు చదివించుకున్నాడు. “ఎన్నిసార్లు చెప్పాలయ్యా?” అని అతను కసురుకున్నాడు. దారం పట్టి గీత కొట్టే తీరిక లేదు. మూడు వంకర తిరిగింది. ఆరు పక్కకి ఒరిగింది. పదకొండూ ఇరవై ఐదుకి వ్యాను లోపలికి వెళ్లింది.

తిరిగొస్తూ పెయింటరు బడ్డీ దగ్గర ఆగాడు. ఆగకుండా వెళ్లాడని చెబితే బాగుండును, కానీ ఆగాడు. పలక మీద నంబరులో ఒక్క అంకె కూడా అతనిది కాదు. బాధేం కలగలేదు, భయం వేసింది. అదే కనక తగిలి ఉంటే, బావమరిది పని పోయినా సరే, జరిగిందంతా మంచికే అనుకునేవాణ్ని కదా అని తోచింది. టికెట్టు చింపి కాలవలో పడేసి ఇంటికి నడిచాడు.

బావమరిది చెప్పనన్నా, తనే భార్యకి చెప్పేశాడు, పొల్లు పోకుండా. ఆవిడ మిషను ఆపి విన్నది. తిడుతుందని తల వంచుకుని కూర్చున్నాడు.

“మన పిల్ల ఏ క్లాసండీ?” అని అడిగింది.

“ఐదు.”

“ఆరు. బడి తెరిచి నాలుగు నెలలైంది.” గొంతు పెంచలేదు. “నాలుగింటికి వదుల్తారు. ఇవాళ మీరెళ్లి తీసుకురండి.”

మూడున్నరకే వెళ్లి నిలబడ్డాడు. గంట కొట్టగానే పిల్లలంతా బిలబిలమంటూ వచ్చారు. స్నేహితురాళ్లతో నవ్వుకుంటూ వస్తున్న కూతురు తండ్రిని చూసింది. నవ్వు ఆగిపోయింది. పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

“అమ్మకేమైంది నాన్నా?”

“ఏం కాలేదమ్మా. అమ్మ బాగుంది. ఊరికే, నీకోసం వచ్చాను.”

“నిజం చెప్పు. మావయ్యకా?”

“మావయ్య పనిలో ఉన్నాడు. అందరూ బాగున్నారు తల్లీ.”

ఆ పిల్ల నమ్మలేదు. రెండో వీధి మలుపు దాకా అతని మొహంకేసి చూస్తూనే నడిచింది. ఆ మలుపు తిరిగాక సంచీ బరువుగా ఉందని అతని చేతికిచ్చింది.