కుందేలు మెడమీది గీత

యుద్ధకాలంలో, రేషన్ బియ్యం తినే రోజుల్లో, మా ఇంటావిడకి టైఫాయిడ్ వచ్చి తగ్గినాది. తగ్గినా గోడ పట్టుకోకుండా లేవలేకపోయేది. "కొవ్వులేని మాంసం రోజూ కొంచెం అన్నంలో కలిపి పెట్టండి" అని డాక్టర్ చెప్పినాడు. అంతే, నా తెల్ల వేటకుక్కను తీసుకొని మంసాపురం కొండవైపు పోయినాను. వారంలో ఏడు కుందేళ్ళు పట్టించినాను.

ఏడు కాదులెండి, రెండు. ఆ రెండూ కూడా కుక్క పట్టలేదు. మా పెరుగన్నం తిని బలిసిన ఆ కుక్క, కుందేలు ఎదురుగా పోతావుంటే కూర్చొని చూసినాది. ఉచ్చులు పెట్టే ఒకాయన్ని బతిమాలి తెచ్చుకొన్నాను. వేటకుక్కను సాకేవాడు ఉచ్చు కుందేలు తెస్తే మావాళ్ళలో ఎంత తలవంపు!

మా అమ్మ మొదటి కుందేలు మెడ తిప్పి చూసినాది. "ఏమిరా, పంటిగాటు ఒకటీ లేదు, మెడచుట్టూ ఈ గీత ఏంది? నీ కుక్క తాడేసి పట్టినాదా?"

అమ్మ ఇంకేమీ అడగకుండా మాంసం ఉడికించి, సన్నంగా చీల్చి, ఉలవచారులో కలిపినాది. ఒక్కో కుందేలు మూడు పూటలకి సరిపోయినాది.

రెండోది ముగిసే రోజు మా ఇంటావిడ గోడ పట్టుకోకుండా వంటింటిదాకా నడిచి వచ్చినాది. "ఇంకొంచెం పెట్టండి అత్తా" అని కంచం చాపినాది. తరువాత నావైపు తిరిగి, "ఎముకలు మీ కుక్కకి వేయండి. పాపం, పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయుంటాది" అని నవ్వినాది.

జ్వరం వచ్చినాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. ఎముకలన్నీ కుక్కకే వేసినాను.