నాచుపూల వేళ

బావి అడుగు కనబడినాక మా ఇంటి ముందు తోటలో మల్లెపొదలు పోయినాయి, క్రోటన్లు పోయినాయి, చివరికి తోటమాలి కూడా పోయినాడు. మేము మాత్రం దాన్ని తోట అనే పిలిచేవాళ్లం.

ఆ ఏడు ముందు భాగంలోని మూడు గదులు అద్దెకు ఇవ్వకపోతే ఇల్లు అమ్ముకొని, బద్వేలులో మా మేనమామ పంచన చేరవలసి వచ్చేది. అద్దె అనే మాట మా నాయన నోట రాదు. "ఎవరో మర్యాదస్థులు కొన్నాళ్లు ఉంటారు" అనేవారు. కోస్తా నుంచి బదిలీ అయి వచ్చిన ఆఫీసరు ఒకాయన సత్రంలో ఉంటూ ఇల్లు వెతుకుతున్నాడు. రెండు నెలల్లో ఆయన భార్య వచ్చి తానే చూసి కుదుర్చుకుంటుందట. పూలమొక్కలు లేని ఇంట్లో ఆమె దిగదట.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. మైదుకూరులో మా పిన్నమ్మ ఇంటి నుంచి నాచుపూల కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చినాను. సూదుల్లాంటి లావుపాటి ఆకులు, లోపలంతా నీరు. వేరు అక్కరలేదు. బెత్తెడు కొమ్మ తుంచి, ఏటి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే చాలు. నీళ్లు తక్కువై చావదు, ఎక్కువైతే కుళ్లి చస్తుంది. మా ఇంటికి తగిన మొక్క. కుండీల్లో, నాపరాళ్ల సందుల్లో కూడా గుచ్చినాను. రెండు నెలలకు ముందరి నేలంతా పరుచుకుంది. పొద్దున పదింటికి ఎరుపు, పసుపు, తెలుపు పూల కింద మట్టి కనబడేది కాదు. మధ్యాహ్నం రెండు దాటితే ఒక్క పువ్వు ఉండదు, అన్నీ ముడుచుకుంటాయి.

మా ఇంట్లో అతిథులను సాయంత్రమే చూసేది. పొద్దున వచ్చేవాళ్లు పనివాళ్లు, అర్జీలు పెట్టుకునేవాళ్లు. తాతగారి నాటి నుంచి అదే పద్ధతి.

"నాయనా, వాళ్లను పదింటికి రమ్మందాము. పూలు ఆ పొద్దుకే విచ్చుకుంటాయి" అన్నాను.

"పూలనడిగి పెద్దమనుషులను పిలుస్తామా? నాలుగున్నరకు రానీ."

తలుపు వెనక నుంచి అమ్మ, "బద్వేలు బస్సు కూడా నాలుగున్నరకే ఉండాది" అనింది. నాయన మీసం సర్దుకున్నారు.

వాళ్లు నాలుగున్నరకు వచ్చినారు. నాయన తలపాగా చుట్టుకొని ఎదురుపోయినారు. ఆఫీసరు భార్య నేలవైపు చాలాసేపు చూసింది.

"ఇదేం ఆకండీ? పప్పులో వేస్తారా?"

"పూలమొక్కలమ్మా" అన్నారు నాయన.

"మరి పూలేవండీ?"

"వాటి యాళ వాటికుండాది."

రేపు పొద్దున వచ్చి చూడండి అంటే సరిపోయేది. ఆ మాట నాయనకు రాలేదు, నాకూ రాలేదు. ఆఫీసరు కాఫీ బాగుందన్నాడు. ఇంటి గురించి ఏమీ అనలేదు.

మరునాడు పదకొండు గంటలకు అమ్మ, పూసిన నాచుపూల కుండీ ఒకటి చంకన పెట్టుకొని, తలమీద కొంగు కప్పుకొని, వీధిలోకి నడిచిపోయింది. మా ఇంటి కోడలై వచ్చినాక ఆమె వీధిలో కాలినడకన పోవడం అదే మొదలు. అంగళ్లవాళ్లు లేచి నిలబడినారని తర్వాత విన్నాను. అరగంటకు సత్రం నుంచి ఆఫీసరు భార్యను వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె గేటు దగ్గరే ఆగి, "అమ్మో, ఎన్ని పూలండీ" అనింది. నాయన పడకగదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. గదులు అమ్మే చూపించింది, మాట కూడా అమ్మే ఖాయం చేసుకుంది.

ఒకటో తేదీన వాళ్లు దిగినారు. మేము వెనక గదుల్లోకి మారి, పెరటి వాకిలి వాడడం మొదలుపెట్టినాము. అక్కడ నేల బోసిగా ఉండేది. వారం తర్వాత నేను చుట్టూ తిరిగి ముందుకు పోయి, నాలుగు కొమ్మలు తుంచుకోవచ్చా అని ఆమెను అడిగినాను.

"అయ్యో, మీవే కదండీ" అనింది.

"ఇప్పుడు మీవి" అని చెప్పి, నాలుగే తుంచుకున్నాను.