బావ ఒంట్లో లేని కరెంటు

మా బావ వడ్రంగి. వీధిలో చాలామంది ఆయన్ని ‘కరెంటు బావ’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టిన రోజున ఎంత మురిసిపోయానో, ఇప్పుడు అది చెవిన పడితే అంతగా తల దించుకుంటాను.

ఇంటి వెనక రేకుల గది ఆయన కార్ఖానా. రంపం మిషను, చిత్రిక మిషను, గోడకి వరుసగా ఉలులు. మాట్లాడటం తక్కువ, తుడవడం ఎక్కువ. ఏడాదికోసారి మిషన్లన్నిటికీ ఆకుపచ్చ రంగు మూడు పూతలు వేస్తాడు. ఆ రంగు మీద ఎవరైనా గీత పెడితే తిట్టడు. ముందు గీత వంక చూస్తాడు, తర్వాత మన వంక చూస్తాడు. అంతకంటే తిట్లే నయం.

అక్కకి పాప పుట్టాక రంపపు పొట్టు ఇంట్లోకి రావడం మొదటిసారి పెద్ద విషయమైంది. చంటిది దగ్గుతోంది. బావ పొట్టు పీల్చే మిషను తెచ్చి, ప్లాస్టిక్ గొట్టాలు వేశాడు. గొట్టాల్లో పొట్టు రాసుకుంటూ పరిగెడితే కరెంటు పుడుతుందనీ, రాగితీగ చుట్టి దాన్ని భూమిలోకి దింపాలనీ మిషను అమ్మినవాడు చెప్పాడట. ఆ పని నాకు అప్పగించాడు. నేను ఎలక్ట్రీషియన్ కోర్సు చదివినవాణ్ని మరి. మధ్యలో మానేశాననీ, అదీ సరిగ్గా ఎర్తింగు పాఠానికి ముందు వారం మానేశాననీ ఆయనకి తెలీదు. తెలిసిందల్లా, పదహారేళ్లప్పుడు నేను ఊరంతా పోయిన కరెంటుని ఒక్క పిన్నీసుతో తెప్పించానని. అది చెప్పిందీ నేనే.

తీగని జడ అల్లినంత అందంగా చుట్టాను, చేత్తో పట్టుకునే గొట్టం మూతి దాకా. రెండో కొసని, ముందే భూమిలోకి ఎర్తు దింపి ఉన్న రంపం మిషను కాలికి బోల్టుతో బిగించాలి. అక్కడ రంగు ఉంటే కరెంటు దిగదు, గీకి ఇనుము కనబడేలా చెయ్యాలి. అంతమాత్రం నాకూ తెలుసు. కానీ ఆ ఆకుపచ్చ మీద స్క్రూడ్రైవరు మొన పెట్టగానే ఆయన చూపు గుర్తొచ్చింది. రంగు మీదే బిగించేశాను. వందేళ్లు ఢోకా లేదని చెప్పి, అక్క చేత రెండుసార్లు కాఫీ పెట్టించుకుని తాగాను.

పది రోజులకి బావ వచ్చాడు. సాయంత్రం గొట్టం మూతి పట్టుకుని నేల మీది పొట్టు పీల్పిస్తుంటే చెయ్యి జిల్లుమంటోందట. అక్కణ్నుంచి నేరుగా లోపలికెళ్లి పాపని ఎత్తుకోబోతే దాని బుగ్గ మీద చిటుక్కుమందట. పిల్ల గుక్కపట్టి ఏడ్చిందట. తీగ ఒకసారి చూడమన్నాడు.

చూస్తే నా పని బయటపడుతుంది. అందుకని తీగలో లోపమేమీ లేదు, తేడా నీ ఒంట్లోనే ఉంది అన్నాను. లక్షమందిలో ఒకడికి కరెంటు ఒళ్లు ఉంటుందన్నాను. మా కోర్సులో ఒకడు బల్బు నోట్లో పెట్టుకుని ఆ వెలుతుర్లో పరీక్షలకి చదివేవాడని కూడా కలిపాను. బావ నవ్వలేదు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. నా కథ అంత బాగా రక్తి కట్టిందనుకున్నాను.

అదే కథని మంగలి షాపులో ఇంకాస్త మసాలా దట్టించి వదిలాను. ఆ తర్వాత మంగలి, బావ నెత్తిన పొడి తువ్వాలు వేసిగానీ చెయ్యి పెట్టేవాడు కాదు. కలప డిపో గుమాస్తా చెయ్యి కలపకుండా దూరం నుంచే దండం పెట్టేవాడు. అందరూ నవ్వేవాళ్లు. బావ కూడా నవ్వుతున్నట్టే కనబడేవాడు.

నెల తర్వాత ఓ మధ్యాహ్నం అక్క వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. అక్క చంటిదాన్ని చంకనేసుకుని ఒంటిచేత్తో వడ్డిస్తోంది. గుమ్మంలో బావ కనబడగానే పిల్ల రెండు చేతులూ చాపింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు కూడా వేసి, అలాగే వెళ్లిపోయాడు.

“నెలయిందిరా దాన్ని ముట్టుకుని,” అంది అక్క. “ఎత్తుకోమంటే నా ఒళ్లు మంచిది కాదంటాడు. ఏ దిక్కుమాలినవాడు నూరిపోశాడో.”

ఆ దిక్కుమాలినవాడు సగం అన్నంలోనే లేచాడు. చెయ్యి కడుక్కుని వెనక గదికి వెళ్లాను. మిషను ఆన్ చేసి గొట్టం పట్టుకుంటే కాసేపటికే మోచేతి దాకా జిల్లుమంది. నా తీగ, గొట్టం పొడవునా పుట్టిన కరెంటునంతా పోగుచేసి తెచ్చి ఆయన చేతికే అందిస్తోంది. అసలు చుట్టకపోతేనే అంత ఉండేది కాదేమో. బోల్టు విప్పి, రంగు గీకి, తెల్లగా మెరిసే ఇనుము మీద తీగ బిగించాను. మళ్లీ పట్టుకున్నాను. ఏమీ లేదు.

తలెత్తితే బావ. గీకిన చోటు వంక చూశాడు, తర్వాత నా వంక. నీ ఒంట్లో కరెంటు లాగేశాను బావా అని నాలుక చివరి దాకా వచ్చింది. ఎలాగో మింగాను.

“తీగ నేను సరిగ్గా బిగించలేదు బావా. మొదటిరోజు నుంచీ అంతే. నీ ఒంట్లో ఏమీ లేదు.”

“లక్షమందిలో ఒకడన్నావు?”

“లేడు.”

“బల్బు నోట్లో పెట్టుకున్నవాడు?”

“వాడూ లేడు.”

వంగి, బోల్టు చుట్టూ గీకిన చోటుని వేలితో రాశాడు.

“రంగు పోతుందనా?”

తల ఊపాను.

“గీకితే మళ్లీ వేసుకునేవాణ్ని కదరా.”

అంతే అన్నాడు. గొట్టం పట్టుకుని నేలంతా పీల్పించాడు. చేతులు తుడుచుకుని లోపలికెళ్లి, ముందు ఒక్క వేలితో పాప పాదం తాకాడు. అది ఆ వేలు పట్టుకుని లాగింది. అప్పుడు ఎత్తుకున్నాడు. నేను చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి.

మర్నాడు మంగలి షాపుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. ఇన్నాళ్లలో నేను చెప్పినవాటిల్లో ఇదే పెద్ద కోత అన్నారు. ఒట్టేసినా నమ్మలేదు. పొడి తువ్వాలు ఇప్పటికీ అక్కడ మేకుకి వేలాడుతోంది.

అందుకని బావ క్షవరానికి వెళ్లినప్పుడల్లా నేనూ వెళ్తున్నాను. మంగలి తువ్వాలు కప్పగానే తీసేసి, ఆయన నెత్తిన నా చెయ్యి ఆనించి అందరికీ చూపిస్తాను. వాళ్లు నవ్వుతారు. బావ మాత్రం అద్దంలోంచి నా వంక చూస్తూ ఉంటాడు.