కస్టమోళ్ల ఆట

చలికోట్ల కోసం సొరుగు వెతుకుతుంటే చిన్న గుడ్డసంచి చేతికి తగిలింది. మూతి విప్పగానే పసుపు వాసన గుప్పుమంది. నేను కెనడాకు వచ్చేటప్పుడు అమ్మ నా డాలర్లన్నీ ఇందులో పెట్టి, ఒక పసుపు కొమ్ము వేసి, నా నడుముకు కట్టింది. "అడిగితే లేవను బిడ్డా. నిజం చెప్తే గుంజుకుంటరు" అని కోరుట్లలో బయలుదేరినప్పటి నుంచి విమానాశ్రయం దాకా చెప్తూనే ఉంది.

ఆ భయం మా ఇంటికి వచ్చింది నా ఎనిమిదో ఏట. ఊరంతా పసుపు ఉడికే కాలం, ఆవిరి జుట్టుకూ బట్టలకూ పట్టి బడిలో పలకలు కూడా పచ్చబడే రోజులు. మా మేనమామ మస్కట్ నుంచి వచ్చాడు. నాయన అక్కడే ఉండిపోయాడు. వీసా కోసం జగిత్యాలలో కుదువపెట్టిన అమ్మ పుస్తెలతాడు విడిపించమని తన రెండేళ్ల కష్టం మామ చేతికిచ్చి పంపాడు. అప్పట్లో సెలవు మీద ఎవరొచ్చినా పదిళ్ల సొమ్ము వాళ్ల పెట్టెలోనే వచ్చేది, రసీదు అడిగితే తప్పు.

పెట్టె తెరిస్తే సబ్బులు, అత్తరు సీసాలు, నాకు కళ్లు ఆర్పే బొమ్మ వచ్చాయి. రియాళ్లు రాలేదు.

"ఎయిర్‌పోర్టుల ఉన్నదున్నట్టు చెప్పిన అక్కా. కస్టమోళ్లు మొత్తం గుంజుకున్నరు" అని మామ తలపట్టుకుని ఏడ్చాడు.

"పోనీ తమ్మీ, పానంతోని అచ్చినవ్, గంతే చాలు" అని అమ్మే కొంగుతో అతని కళ్లు తుడిచింది.

పుస్తెలు కుదువలోనే మునిగిపోయాయి. అమ్మ పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టుకుంది. నాయన ఇంకో ఆరేళ్లు ఎడారిలోనే ఉన్నాడు. మామ మాత్రం మళ్లీ పోలేదు, ఆ ఏడే సిరిసిల్లలో రెండు మరమగ్గాలు పెట్టాడు. అప్పు చేశానన్నాడు, నమ్మాం.

ఏటా రాఖీ పున్నానికి తీపి గరిజెల డబ్బా పట్టుకుని అమ్మా నేనూ బస్సెక్కి సిరిసిల్ల పోయేవాళ్లం. వీధి మొదట్లోనే మగ్గాల టకటక చెవులు గింగురుమనిపించేది, సాయంత్రానికి మా తలల నిండా దూది నుసి. అమ్మ రాఖీ కట్టడానికి వంగితే మెడలోని కొమ్ము మామ చేతికి తగిలేది. తిన్నాక మామ తన పిల్లలతో, నాతో ఆడేవాడు. మంచం అడ్డం వేసి తనే కస్టమోడు, మేము ఒక్కొక్కరం చింతగింజలు దాచుకుని రావాలి. "ఏమున్నయే?" అంటే లేవని బుకాయించినవాళ్లు గెలిచినట్టు, ఉన్నాయన్నవాళ్లకు అన్నీ పోయినట్టు. నాకు అబద్ధం నోట రాదు, ప్రతిసారీ నాదే ఓటమి. "అచ్చం నా లెక్కనే" అని మామ పగలబడి నవ్వేవాడు, నేను మురిసిపోయేదాన్ని.

టొరంటోలో దిగాక, కొత్తగా వచ్చినవాళ్లు ఎంత సొమ్ము తెచ్చారో రాయమని కాగితమిచ్చారు. అప్పుడూ అబద్ధం రాలేదు. బాత్రూంలోకి పోయి సంచి విప్పుకొచ్చి బల్ల మీద పెట్టాను. కస్టమ్స్ అధికారిణి నోట్లు లెక్కపెట్టింది, ఆమె వేళ్లు పచ్చబడ్డాయి. కాగితం మీద ముద్ర కొట్టి మొత్తం నా ముందుకే తోసింది. మామ కన్నీళ్లు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

అమ్మకు ఫోన్ చేశాను.

"ఎంత గుంజుకున్నరు బిడ్డా?"

"ఏం గుంజుకోలే అమ్మా. చెప్పిన, రాసుకొని ఇచ్చేసిండ్రు."

"మీ నాయనతోని అనకు" అంది అమ్మ.

దేశాలు వేరు కదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. మన విమానాశ్రయం కస్టమ్స్‌లో పనిచేసి మానేసిన ఒకాయనను అడిగితే, విదేశీ డబ్బు చెప్పుకుంటే మన దగ్గరా రాసుకుని ఇచ్చేస్తారు, ఆ రోజుల్లోనూ అంతే అన్నాడు.

కళ్లార్పే బొమ్మ ఎప్పుడో పోయింది. మామ మగ్గాలు పాత ఇనుముకు వెళ్లిపోయాయట, ఆ వీధిలో ఇప్పుడు టకటక వినిపించదట. సంచిలో కొమ్ము ఎండి ముడుచుకుంది, వాసన మాత్రం ఉంది.

మొన్న రాఖీ పున్నానికి అమ్మ సిరిసిల్ల పోలేదు. కాళ్లనొప్పులని చెప్పిందట.