ఎదుటి పక్షం సారు

ఆ రోజుల్లో మా నస్పూర్ పిల్లలకు కోర్టంటే ఎంత వింతో చెప్తే ఇప్పటివాళ్లు నమ్మరు. జడ్జి చేతిలో బెత్తం ఉంటుందా, బోనులో నిలబడ్డవాళ్లకు మంచినీళ్లిస్తారా అని పదో తరగతంతా ఒకటే చర్చ. ఎందుకంటే ఆ కేసు మాదే. మా సర్కారు బడికి లెక్కల సారు లేడని ఆదిలాబాద్ నుంచి ఒకాయనను పంపారు. ఆయన్ని అడగకుండా పంపడమేమిటని సార్ల సంఘం కోర్టుకెళ్లి ఆ బదిలీని ఆపించింది. బోర్డు మీద లెక్క సగంలో ఉండగానే సారు వెళ్లిపోయాడు. (ఆ సగం లెక్కను మేమెవరినీ తుడవనివ్వలేదు.) పరీక్షలు దగ్గరపడ్డాయి. మా ఇంట్లో పది గట్టెక్కిన మొదటి మనిషిని నేనే కావాలని బాపు ఆశ. అందుకే బొగ్గుబాయిలో పనిచేసే బాపు, ఇంకొందరు తండ్రులు కలిసి మా తరఫున వకీలును పెట్టారు.

వాయిదా రోజు పొద్దున్నే మా తరగతి పిల్లలం, తండ్రులతో కలిసి కోర్టుకు బస్సెక్కాం. మా అమ్మ, అదే మా అవ్వ, రొట్టెలు మూటకట్టి, "జడ్జి సారు అడిగితెనే మాట్లాడు బిడ్డా, ఊకె నోరు తెరువకు" అని బస్సు కదిలేదాకా చెప్తూనే ఉంది. కోర్టు వరండాలో, సంఘం వాళ్ల మధ్య నిలబడి మా లెక్కల సారే కనిపించాడు.

"తిన్నరా, పోరలు?" అన్నాడు.

"మీ మీదనే కేసు సార్" అన్నాను.

"ఎరుకే తల్లీ. తిన్నరా అని అడుగుతున్న."

లోపల జడ్జిగారు రాగానే అందరూ లేచారు. మేమూ లేచి, బడిలోలాగే గొంతు కలిపి "నమస్తే సా...ర్" అని సాగదీశాం. అందరూ కూర్చున్నారు. మేము మాత్రం కూర్చోలేదు. (సారు కూర్చోమంటేనే కూర్చోవాలి, అది మా బడి పద్ధతి.) బంట్రోతు సైగ చేశాడు, వకీలు కళ్లురిమాడు, బాపు నా జడ లాగాడు. కదిలితేనా! జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూస్తున్నారు. అంతలో అవతలి బెంచీ నుంచి, అలవాటు కొద్దీ, మా లెక్కల సారు గొంతు: "కూసోండ్రి!" అందరం ఒక్కసారే చతికిలబడ్డాం.

"ఆ పిల్లలు ఎవరి పక్షం?" అన్నారు జడ్జిగారు.

"మాకు ఎదుటి పక్షమండి" అని సంఘం వకీలు నీళ్లు నమిలాడు.

"మరి మీవాళ్ల మాటే వింటున్నారే!"

కోర్టంతా నవ్వింది. తర్వాత నన్ను లేపి, నీకేం కావాలమ్మా అని అడిగారు.

"లెక్కల సారు గావాలె సార్."

"ఏ సారు?"

"గీ సారే" అని వేలు పెట్టి చూపించాను.

సారు మెల్లగా లేచాడు. "పిల్లలతోని నాకు పంచాతి లేదు సార్. మా అవ్వ మంచంల ఉన్నది. జర ఒక మాట అడిగి పంపితె అయిపోతుండె." సారుకూ ఒక అవ్వ ఉంటుందని అప్పటిదాకా మాకు తోచనే లేదు. కేసు సంగతి తర్వాత చూద్దాం, పరీక్షలయ్యేదాకా వారంలో కొన్ని రోజులు వెళ్లి చెప్పగలరా అని జడ్జిగారు అడిగారు. సారు సంఘం పెద్దల వైపు చూడకుండానే తలూపాడు. సోమవారం వచ్చి, బోర్డు మీది సగం లెక్క చూశాడు. తర్వాత సుద్దముక్క తీసి, "ఈడిదాక సమజైందా?" అన్నాడు.

పది గట్టెక్కాను, నా చదువు అంతటితో సరి. మొన్న మనవరాలి బడిలో మీటింగుకు వెళ్తే, నా చిన్న కూతురంత టీచరమ్మ లోపలికి రాగానే లేచి నిలబడ్డాను. "అమ్మమ్మా, అందరు చూస్తుండ్రు, కూసో" అని మనవరాలు కొంగు లాగింది. కూర్చున్నాను గానీ, నా చెవి మాత్రం అవతలి బెంచీ వైపే ఉండిపోయింది.