పసుపు కడిగిన రాయి

ఖాజాగూడ బండల నడుమ ఒక సమాధి ఉంది. పేరు లేదు, సిలువా లేదు. మోకాలెత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉంటుంది, అంతే. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పూసి బొట్లు పెట్టేది అంజమ్మ.

అంజమ్మ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అద్దాల ఆఫీసులో నేలలు తుడుస్తుంది. కోడలై వచ్చిన కొత్తలోనే అత్త నీలమ్మ ఆమెను తీసుకెళ్లి ఆ రాయిని అప్పగించింది. కాన్పు అడ్డం తిరిగి నీలమ్మ ప్రాణం మీదికొస్తే, కన్యాస్త్రీల మఠం నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ చెయ్యి వేసి తల్లినీ బిడ్డనూ దక్కించిందట. ఆ తర్వాత ఊళ్లో విషజ్వరాలు వచ్చినప్పుడు ఆ సిస్టరమ్మ వాటికే పోయింది; ఆమె సమాధి మీదదే ఈ రాయి. మిగిలిన సిస్టర్లు గుంటూరు వైపు వెళ్లిపోయారు. ఆనాడు దక్కిన బిడ్డే అంజమ్మ మొగుడు. అతను తాగొచ్చి కొట్టినప్పుడల్లా "ఇసొంటోన్ని ఎందుకు బతికిచ్చినవే తల్లీ" అని ఆమె ఈ రాయితోనే కొట్లాడింది. అతను పోయాక ఈ రాయి దగ్గరే కూర్చొని ఏడ్చింది.

పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఓదెలు మొన్న ఒక కబురు మోసుకొచ్చాడు.

"అంజక్కా, గుంటూరు కెల్లి సిస్టర్లు బస్సుల వస్తున్నరంట. వాళ్ల మఠం పెట్టిన పెద్దమ్మ సమాధి దేవులాడుతరంట. నువ్వు గిట్ల పసుపు పూసినవని చూస్తే ఊకుంటరా? బొక్కలతో సహా తీస్కపోతరు."

అంజమ్మ మర్నాడే ఆఫీసులో మొండి మరకలకు వాడే మందు సీసాలో పోసుకొచ్చి, కొబ్బరిపీచుతో రాయిని తెల్లగా తోమేసింది. పసుపు లేకపోతే వాళ్లకు కోపం రాదనుకుంది. అసలు సమాధి కనబడకపోతే ఇంకా మంచిదనుకుంది.

ఆదివారం సిస్టర్లు దిగారు. జపమాల చెప్పుకుంటూ బండల మధ్య అటూ ఇటూ తిరిగారు. అందరికన్నా పెద్దామె సిస్టర్ ఇన్నాసమ్మ, కర్ర పట్టుకుని, రాయి పక్కన నిలబడ్డ అంజమ్మ దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, ఇక్కడ పసుపు పూసిన రాయి ఏదైనా ఉందా? మా మదర్ శౌరమ్మ గారి సమాధికి ఊరివాళ్లు పసుపు పూస్తారని మా పాత సిస్టర్లు చెప్పేవారు. మాకున్న గుర్తు అదొక్కటే."

అంజమ్మ తాను తోమిన రాయి వైపు చూసింది. తానేదో దాచిపెడదామని కడిగితే, సరిగ్గా వాళ్లు వెతుక్కునే గుర్తునే కడిగేసింది!

"తెల్వదమ్మా," అంది.

ఇన్నాసమ్మ ఆ రాయి పక్కనే కూలబడింది. చేతిలో ఇత్తడి పెట్టె ఉంది. అస్థికల కోసం తెచ్చిందన్నమాట.

"ఆవిణ్ణి ఇక్కడ వదిలేసి వెళ్లిపోయాం. ఇన్నేళ్లూ పలకరించే దిక్కు లేకుండా పడి ఉంది, పాపం," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ మాట అంజమ్మకు కారం రాసినట్టయింది.

"దిక్కు లేకేంది? నేను లేనా? మా అత్త లేదా? ఒక్క శుక్రవారం తప్పలే!"

అనేశాక ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఇంటికి పరుగెత్తి పసుపు గిన్నె తెచ్చింది. అందరూ చూస్తుండగానే రాయికి పూసింది. బొట్లు ఒక్కటీ వంకర పోలేదు.

"గిదే మీ అమ్మ. తీస్కపోతరా ఇగ?" అంది, ఏడుపు ఆపుకోకుండానే.

చిన్న సిస్టర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నాసమ్మ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు ప్రార్థించింది. తర్వాత గిన్నెలో వేళ్లు ముంచి, అంజమ్మ పూయక వదిలేసిన వెనకవైపు తానే పూసింది.

"ఆవిడ తన ఇంట్లోనే ఉందమ్మా. ఎక్కడికి తీసుకెళ్తాం?" అంది. పెట్టె తెరిచి, రాయి మొదట్లో మట్టి చిటికెడు తీసి వేసుకుంది.

అంజమ్మ ఆ చిటికెడు వైపు చూసింది. ముక్కు చీదుకుని, తానే వంగి రెండు చేతులా మట్టి ఎత్తి పెట్టెలో పోసింది.

"జర నిండుగ తీస్కపోండ్రమ్మా. మీకూ అమ్మనే కదా."