రెక్క మీద మంచు, నా కడుపులో మంట

నా తోటికోడలు నూకరత్నం వచ్చే నెల డ్వాక్రా సంఘం ఆడవాళ్ళతో విమానమెక్కి లడఖ్ వెళుతోంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. మంచుకొండల్లో విమానాలు కూలడం టీవీలో చూశానని, అదే నా భయమని అందరికీ చెప్పాను. ఎచ్చెర్లలో కాలేజీ పిల్లలు విమాన ప్రమాదాల మీద ప్రదర్శన పెట్టారని తెలిసింది. ఆమె ప్రయాణం మాన్పించడానికి నాలుగు మాటలు దొరకకపోతాయా అని బయలుదేరాను.

కళింగపట్నంలో ఏడు గంటల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బులు అక్కర్లేదు. ఆ కార్డు ఉందో లేదోనని దారిలో మూడుసార్లు సంచి తడుముకున్నాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు మారి, హైవే మీద దిగి, ఇరవై రూపాయలిచ్చి ఆటోలో తొమ్మిదిన్నరకి చేరాను. నెమ్మదిగా పోనియ్యమని పదే పదే అంటుంటే ఆటో అతను, "ఇంకా నెమ్మదంటే దిగి తొయ్యాల మామ్మా" అన్నాడు.

అక్కడ ఒక అమ్మాయి రెండు చెక్క రెక్కలు పెట్టి ఫ్యాను వేసింది. నున్నటి రెక్క పైకి లేచింది. గరుకు కాగితం అంటించినది లేవలేదు. రెక్కల మీద మంచు పేరుకుంటే ఇంతేనట, పల్చటి పొర చాలట. కొండగాలి విమానాన్ని ఎత్తి పడేస్తుందట. మారుమూల చోట్ల ముందు వాతావరణం ఎలా ఉందో చెప్పేవారు తక్కువట. పడితే సాయం చేరేసరికి చాలా ఆలస్యమట. నేలా ఆకాశమూ ఒకే తెలుపైతే నడిపేవాడికి ఏది పైనో ఏది కిందో తెలియదన్నప్పుడు మాత్రం ఆ అమ్మాయి దగ్గరకు జరిగి విన్నాను. వంశధార సముద్రంలో కలిసే చోట పొగమంచు పట్టిన రోజు మా ఆయనకీ అంతే, ఒడ్డు ఏ వైపో తెలియదు.

"మరేటి సేస్తారమ్మా?" అని అడిగాను.

"రెక్కల మీద మందు కొట్టి మంచు కరిగిస్తారు మామ్మా. దారి కనబడకపోతే ఆగిపోతారు. ఆగాల్సినప్పుడు తొందరపడితేనే ముప్పు."

ఈ చివరి మాటలు అక్కడే వదిలేసి వద్దామనుకున్నాను.

మూడు గంటలకు ఊరు చేరాను. నూకరత్నం ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన కూర్చుని ప్రమాదాలన్నీ చెప్పాను. మందు సంగతి, ఆగే సంగతి చెప్పలేదు. ఆమె పని ఆపకుండానే వింది.

"మంచు పడితే మనోలు లంగరేసి కూకోరేటప్పా? ఇమానం నడిపేవోలూ అంతే," అంది. "టిక్కెట్లు తీసినప్పుడు ముందు నిన్నే అడిగినాను. రాననీసినావు. ఇప్పుడిది బయమేటి, కుళ్ళేటి?"

"రెండూనే," అన్నాను.

ఆమె నవ్వలేదు. ఒక బుట్ట నా వైపు తోసింది. పొద్దువాలేదాకా ఇద్దరం తిరగేశాం.

అడిగిన రోజు ఆమె మాట పూర్తవకుండానే వద్దన్నది నేనే. నేను భయపడి మానుకున్న పనిని ఇంకొకరు చేస్తుంటే ఓర్వలేకపోయాను. ఇన్నేళ్ళుగా నా భయాన్నే జాగ్రత్త అనుకుంటూ వచ్చాను. చలి ప్రాంతాలకు విమానంలో వెళ్ళేవారికి ఒక్క మాట: తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఎక్కువ ఉంచుకోండి, వాతావరణం బాగాలేక విమానం ఆపితే ఎవరినీ తొందరపెట్టే పని ఉండదు. నూకరత్నానికీ ఇదే చెప్పాను. మర్నాడే తిరుగు టిక్కెట్టు మార్పించుకుంది. ఆ రెండు రోజులు కూడా ఆమె మంచులోనే తిరుగుతుందని ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు.